పాపకూ నాకూ ఒకే టెన్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. నాకు 44 ఏళ్లు, డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. రోజూ పొద్దున ఆరింటికి సిమెంట్ కోర్టులో డబుల్స్ ఆడతాను. మా పాపకు 13 ఏళ్లు, రెండేళ్లుగా టెన్నిస్ కోచింగ్‌కు వెళ్తోంది. వచ్చే నెల బెంగళూరులో మొదటి టోర్నమెంట్ ఆడబోతోంది. మొన్న పెళ్లికని చెన్నై వెళ్లినప్పుడు ఇద్దరి రాకెట్లకూ అక్కడే గట్టింగ్ చేయించాను, అంటే కొత్త గట్స్ (తీగలు) వేయించాను. షాపతను "నాదల్ వాడేది ఈ రకమే సార్" అని నల్లటి పాలిస్టర్ గట్స్ 56 పౌండ్ల టెన్షన్‌కు (బిగువుకు) వేశాడు. అప్పటినుంచి పాప కొట్టే బంతులన్నీ అవతలి కోర్టులో సగానికే పడుతున్నాయి. నాకేమో కుడి మోచేయి బయటివైపు నొప్పి మొదలైంది, నీళ్ల చెంబు ఎత్తినా తెలుస్తోంది. కోచ్ కాస్త వదులు చేయించమంటున్నారు. నా డబుల్స్ జోడీ మాత్రం ఇంకా బిగిస్తేనే కంట్రోల్ వస్తుందంటాడు. ఇక్కడ ఒక షాపులో అడిగితే "24 వేసిస్తా" అన్నారు. మరీ తక్కువేమోనని భయపడి వచ్చేశాను. ఎంత వేయించాలి? ఇద్దరికీ ఒకటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: రెండు రాకెట్ల గట్స్‌నీ ఈ వారంలోనే తీయించేయండి. మొన్ననే డబ్బు పెట్టాం కదా, తెగేదాకా ఆడదాం అనుకోవద్దు. మీ ఆటకైనా పాప ఆటకైనా పాలిస్టర్ ఎన్ని నెలలైనా తెగదు. అన్ని నెలలూ ఆ దెబ్బ మోచేతికి తగులుతూనే ఉంటుంది. కత్తిరించేటప్పుడు ఒక పక్కనుంచి వరసగా కోసుకుంటూ పోవద్దు. మధ్యలో మొదలుపెట్టి నిలువు గట్ ఒకటి, అడ్డ గట్ ఒకటి మార్చి మార్చి కోస్తూ అంచుల వైపు రావాలి. లేకపోతే బిగువు ఒకవైపే మిగిలి ఫ్రేము మీద భారం పడుతుంది.

మీరు టెన్షన్ ఎంత అని అడిగారు గానీ, అంతకంటే ముందు చూడాల్సింది గట్స్ ఏ రకం అన్నది. 56 పౌండ్లకు వేసిన సింథటిక్ గట్, అదే 56కు వేసిన పాలిస్టర్ చేతికి పూర్తిగా వేరుగా తగులుతాయి. సింథటిక్ గట్ అంటే నైలాన్, అది సాగుతుంది. సన్నని పోగులు వందలకొద్దీ కలిపి పేనిన మల్టీఫిలమెంట్ ఇంకా మెత్తగా సాగుతుంది. పాలిస్టర్ సాగదు. బంతి తగిలినప్పుడు అది వంగనంత మేరా ఆ అదురు ఫ్రేములోంచి మణికట్టుకు, అక్కడినుంచి మోచేతికి వస్తుంది. అందుకే పాలిస్టర్ వేసేటప్పుడు నైలాన్‌కు వేసేదానికంటే దాదాపు 10 శాతం తగ్గించి వేయడం గట్టింగ్ చేసేవాళ్లలో వాడుక. ఆ లెక్కన మీ 56 పాలిస్టర్, నైలాన్‌లో 60 దాటిన బిగువుతో సమానం. ఉద్యోగం చూసుకుంటూ పొద్దున గంటసేపు ఆడే మనిషికి గానీ, 13 ఏళ్ల పాపకు గానీ అది వేయాల్సిన బిగువు కాదు.

నాదల్ మాట చెప్పారు కాబట్టి దాని సంగతీ చూద్దాం. నాదల్ పాలిస్టరే వాడేవాడు, టెన్షన్ కూడా దాదాపు 55 పౌండ్లే. అయితే ఆయన బంతిని కొట్టే వేగం వేరు, ఆ చేయి వేరు. పైగా ఆ స్థాయి ఆటగాళ్లు ఒకే గట్స్‌తో నెలలు గడపరు. పెద్ద టోర్నమెంట్లలో మొదట ఏడు గేములకు, ఆ తర్వాత ప్రతి తొమ్మిది గేములకు బంతులు మారుస్తారు. చాలామంది అప్పుడే రాకెట్ కూడా మార్చి, కొత్తగా గట్టింగ్ చేసినది అందుకుంటారు. పోనీ పెద్ద ఆటగాళ్లందరూ ఒకే అంకె దగ్గర ఉన్నారా అంటే అదీ లేదు. పాతతరం స్వీడన్ ఆటగాడు బోర్గ్ చెక్క రాకెట్‌కు 80 పౌండ్లకు దగ్గరగా బిగించుకునేవాడు. ఫ్రాన్స్ ఆటగాడు అడ్రియన్ మన్నారినో 30 లోపే వేయించుకుంటాడు. ఫెదరర్ నిలువుకు నేచురల్ గట్ (పశువుల పేగుతో చేసేది), అడ్డానికి పాలిస్టర్ వేయించుకునేవాడు. వీళ్లలో ఎవరి అంకె తెచ్చి మన రాకెట్‌కు వేసినా పనికిరాదు.

అసలు పాలిస్టర్‌కు ఇంత పేరు ఎలా వచ్చిందంటే, 1997లో 66వ ర్యాంకులో ఉన్న బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టెన్ బెల్జియం కంపెనీ లక్సిలాన్ పాలిస్టర్‌తో ఆడి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. అందరి చూపూ దాని మీద పడింది. దాని గొప్పతనం నిజమే. రాకెట్‌ను గట్టిగా కింది నుంచి పైకి ఊపితే నిలువు గట్స్ పక్కకు జారి, టక్కున వెనక్కి వస్తాయి. ఆ వెనక్కి రావడంలోనే బంతికి స్పిన్ ఎక్కుతుంది. అంత వేగంగా ఊపలేనివాళ్ల చేతిలో గట్స్ జారవు, స్పిన్ ఎక్కదు, బిగువు ఒక్కటే మిగులుతుంది. పాప బంతులు పొట్టిగా పడుతున్నది ఇందుకే. పాప ఆట పాడైపోయిందేమో అని మీరు లోలోపల కంగారు పడుతున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. ఆ భయం వద్దు. గట్స్ మార్చిన వారంలోనే తేడా మీకే కనిపిస్తుంది.

వదులు చేస్తే బంతి ఎందుకు లోతుగా వెళ్తుందన్నది చాలామందికి తలకిందులుగా తోస్తుంది, గట్టిగా బిగిస్తే గట్టిగా పోవాలి కదా అని. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలని నిబంధన. అంటే బంతి నొక్కుకుపోయినప్పుడు దాని శక్తిలో సగానికి కాస్త తక్కువ అక్కడే పోతుంది. గట్స్ అలా కాదు, సాగినంతా దాదాపు తిరిగి ఇచ్చేస్తాయి. గట్స్ వదులుగా ఉంటే సాగే పని అవి చేస్తాయి, బంతి తక్కువ నొక్కుకుంటుంది, నష్టం తగ్గుతుంది. బిగిస్తే బంతే నొక్కుకుంటుంది. నవారు మంచం మీద పిల్లలు ఎగిరినప్పుడు చూడండి, కొద్దిగా సడలిన నవారు వాళ్లను పైకి తోస్తుంది, బిర్రుగా లాగి కట్టినది కాళ్లకు నేలలా తగులుతుంది. ఈ లెక్కంతా బంతి గట్స్ మీద ఉండే ఐదు మిల్లీసెకన్ల లోపే జరిగిపోతుంది. వేగంలో వచ్చే తేడా నిజానికి కొంచెమే. ఎక్కువగా మారేది బంతి లేచే కోణం. వదులు గట్స్ నుంచి బంతి కాస్త ఎత్తుగా లేచి లోతుగా పడుతుంది, బిగువు గట్స్ నుంచి కిందగా వెళ్లి ముందే పడుతుంది.

మీ డబుల్స్ జోడీ మాటలో నిజం లేకపోలేదు. బంతి తరచూ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దాటి బయటికి పోతున్నవాడికి రెండు పౌండ్లు పెంచితే లోపల పడుతుంది. నెట్ దగ్గర వాలీకి, అంటే బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బకు కూడా బిగువు కొందరికి నచ్చుతుంది. కానీ మీ ఇంట్లో ఇద్దరిలో ఒకరి బంతి పొట్టిగా పడుతోంది, ఇంకొకరి చేయి నొప్పి పెడుతోంది. ఈ రెండింటికీ బిగించడం మందు కాదు.

ఇక అంకెలు. మీ రాకెట్ గొంతు దగ్గర, అంటే పిడికీ తలకీ మధ్య, లోపలివైపు చూడండి, 50–60 అనో 50–57 అనో అచ్చువేసి ఉంటుంది. ఆ పై అంకె దాటకూడదు, ఫ్రేముకు ప్రమాదం. కింది అంకె కంటే రెండు మూడు పౌండ్లు దిగినా ఫ్రేముకు ఏమీ కాదు. మీకు మల్టీఫిలమెంట్, 16 గేజ్, అంటే 1.30 మిల్లీమీటర్ల మందం, 50 పౌండ్లకు వేయించండి. మోచేయి పూర్తిగా కుదుటపడ్డాక ఇంకా మెత్తదనం కావాలనిపిస్తే తర్వాతిసారి 48కి దిగండి. పాపకు మామూలు సింథటిక్ గట్ 49 లేదా 50 చాలు. రాకెట్ బరువు మీరు రాయలేదు. ఈ వయసు పిల్లల చేతిలో సాధారణంగా తేలిక రాకెట్లే ఉంటాయి, తేలిక ఫ్రేము అదురును తనలో ఆపుకోలేదు కాబట్టి గట్స్ అయినా మెత్తగా ఉండాలి. పాప నెలకోసారి గట్స్ తెంపే రోజు వస్తే అప్పుడు పాలిస్టర్ సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా నిలువు ఒక్కటే పాలిస్టర్ వేసి, అడ్డం సింథటిక్ ఉంచి, 46 దగ్గర మొదలుపెట్టమంటాను. గట్స్ తెంపని పిల్లలకు పాలిస్టర్ అవసరం లేదు. ఈ విషయంలో నాకు వేరే అభిప్రాయం లేదు. ఎదిగే ఎముకలు, ఎదిగే కండరాలు, వారానికి ఐదు రోజుల ప్రాక్టీసు. ఆ చేతికి మన తరఫున ఉన్న రక్షణ గట్స్ మెత్తదనమే.

ఇద్దరి అంకెలూ దాదాపు ఒకటే అయ్యాయి కదా అని మీరు అడగవచ్చు. అంకెలు దగ్గరగా ఉన్నాయి, గట్స్ రకాలు వేరు, వేసిన కారణాలు వేరు. ఆరు నెలల తర్వాత పాప ఊపు పెరిగి బంతులు బయటికి పోవడం మొదలైతే తన అంకె పైకి వెళ్తుంది, మీది అక్కడే ఉంటుంది. కొన్నప్పుడు రాకెట్ ఎలా ఎవరిది వారిదో, టెన్షన్ కూడా అలాగే చూడండి.

షాపులో "24 వేస్తా" అన్న మాట మిమ్మల్ని భయపెట్టింది. అతను కేజీల్లో చెప్పి ఉంటాడు. 24 కేజీలంటే దాదాపు 53 పౌండ్లు, అది మామూలు అంకే. అయితే మన ఊళ్లలో గట్టింగ్‌కు వచ్చేవి ఎక్కువగా షటిల్ రాకెట్లు. షటిల్ వాళ్లు 24 అన్నా 26 అన్నా అవి పౌండ్లు. ఒకే షాపులో రెండు ఆటలు, ఒకే రకం అంకెలు, కొలతలు మాత్రం వేరు. అందుకని వట్టి అంకె చెప్పి రాకండి. "టెన్నిస్ రాకెట్, 50 పౌండ్లు, అంటే 22.7 కేజీలు" అని కాగితం మీద రాసి ఇవ్వండి. వాళ్ల మెషిన్ టెన్నిస్‌కు సరిపడా లాగుతుందో లేదో కూడా అడగండి. కొన్ని మెషిన్లు షటిల్‌కు మాత్రమే పనికొస్తాయి.

మెషిన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చేత్తో తిప్పి లాగే మెషిన్లలో అనుకున్న అంకె రాగానే లాగుడు ఆగిపోతుంది, గట్ ఆ క్షణం నుంచే సడలడం మొదలవుతుంది. కరెంటు మెషిన్లు, బరువు వేలాడదీసే మెషిన్లు మాత్రం సడలిన కొద్దీ మళ్లీ లాగుతూనే ఉంటాయి. రెండింటి మీదా 50 పెట్టినా మొదటిది కాస్త వదులుగా వస్తుంది. చెన్నైలో వేసిన 50, తిరుపతిలో వేసిన 50 ఒకటిగా అనిపించకపోవడానికి ఇదే కారణం, ఎవరి మోసమూ కాదు. కాబట్టి బాగా చేసే మనిషి ఒకరు దొరికితే ఆయన దగ్గరే ఉండిపోండి. ఆయన మెషిన్ మీద మీకు నచ్చిన అంకే మీ అంకె. గట్ పేరు, టెన్షన్, తేదీ రాసిన చిన్న స్టిక్కర్ గొంతు లోపల అంటించమనండి.

గట్టింగ్ అయ్యాక ఆ రోజే అంకె మీద తీర్పు చెప్పొద్దు. ఏ గట్ అయినా మొదటి రోజులోనే కొంత సడలుతుంది, ఐదు నుంచి పది శాతం పోవడం మామూలే. రెండు మూడు సార్లు ఆడాక ఇలా చూడండి. సర్వీస్ లైన్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య దూరం 18 అడుగులు. దాన్ని సగం చేసి, రెండు సైడ్‌లైన్ల దగ్గరా ఒక్కో నీళ్ల బాటిల్ పెట్టండి. కోచ్‌ను 20 బంతులు ఒకే తీరుగా వేయమనండి, పాపను ఎప్పటిలాగే కొట్టమనండి, టెన్షన్ ఊసు ఎత్తొద్దు. బాటిళ్లకు అవతల, బేస్‌లైన్‌కు లోపల ఎక్కువ పడుతుంటే అంకె సరిపోయినట్టే. ఎక్కువ పొట్టిగా పడితే తర్వాతిసారి రెండు తగ్గించండి, ఎక్కువ బయటికి పోతే రెండు పెంచండి. ఒక పౌండు తేడా చాలామంది చేతికి తెలియదు, ఐదు మారిస్తే పిల్ల ఊపు చెదిరిపోతుంది. మార్చినప్పుడు టెన్షన్ ఒక్కటే మార్చండి. గట్ రకం, గ్రిప్, బంతులు అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

ఎప్పుడు మార్పించాలి అన్నదానికి వారానికి ఎన్నిసార్లు ఆడితే ఏడాదికి అన్నిసార్లు అని పాత లెక్క ఒకటి ఉంది. సింథటిక్, మల్టీలకు అది పనికొస్తుంది. బొటనవేలితో ఒక నిలువు గట్‌ను పక్కకు జరపండి. అది అడ్డ గట్‌తో కలిసే చోట లోతుగా గాడి పడి ఉంటే తెగే రోజు దగ్గరపడింది. మల్టీలో అయితే పోగులు లేచి నూగులా కనబడతాయి. పాలిస్టర్ అలాంటి సూచనలేవీ ఇవ్వదు. 15–20 గంటల ఆటకే దాని జీవం పోతుంది, చూడ్డానికి మాత్రం కొత్తదిలాగే ఉంటుంది. ఊళ్లలో చాలా రాకెట్ల మీద ఏడాది పాత పాలిస్టర్ అలాగే ఉండిపోతుంది, మోచేతి నొప్పులకు ఇదొక పెద్ద కారణం.

మన ఎండ గురించి వేరే చెప్పాలి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి గట్స్ మెత్తబడతాయి, బంతి లోపలి గాలి వ్యాకోచించి ఎక్కువ లేస్తుంది. రెండూ కలిసి బంతి బయటికి పోతుంది. ఏప్రిల్, మేలలో గట్టింగ్ చేయిస్తే ఒకటి రెండు పౌండ్లు పెంచుకోవచ్చు. డిసెంబర్, జనవరి చలి పొద్దుల్లో అంతే తగ్గించుకోండి, చలికి బంతి బండబారుతుంది, మోచేతికి బరువుగా తగులుతుంది. కోర్టు నుంచి వచ్చాక రాకెట్ బ్యాగును కారు డిక్కీలో వదిలేసి కాలేజీకి వెళ్లే అలవాటు ఉంటే మానుకోండి. మధ్యాహ్నం మూసిన కారులో ఉండే వేడికి గట్స్ ఆడకుండానే సడలిపోతాయి. బంతుల దగ్గర కూడా పిసినారితనం వద్దు. నూగు అరిగి, గాలి పోయిన బంతిని అవతలికి పంపడానికి ప్రతిసారీ ఎక్కువ బలం పెట్టాలి, ఆ బలం మోచేతి నుంచే రావాలి.

మోచేతి సంగతి గట్స్‌తో ముగిసిపోదు. బయటివైపు ఎముక దగ్గర నొప్పి, చెంబు ఎత్తినా తెలియడం, ఇవి టెన్నిస్ ఎల్బో లక్షణాలే. నొప్పి ఉండగా ఆడొద్దు, ఆడుతూ తగ్గించుకుంటాననుకుంటే ముదిరిపోతుంది. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఉంది, లేదా మీకు తెలిసిన ఎముకల డాక్టర్‌కు చూపించి, ఫిజియోథెరపీ వ్యాయామాలు నేర్చుకోండి. గట్స్ మధ్య పెట్టే చిన్న రబ్బరు డ్యాంపనర్ నొప్పి తగ్గిస్తుందని ఎవరైనా చెబితే దాని మీద ఆశ పెట్టుకోకండి, అది మార్చేది శబ్దాన్నే. మళ్లీ మొదలుపెట్టాక బ్యాక్‌హ్యాండ్ ఒకసారి కోచ్‌కు చూపించండి. బంతి దాటిపోయాక మణికట్టుతో లాగి కొట్టే అలవాటు ఉంటే ఎంత మెత్తటి గట్స్ వేసినా నొప్పి తిరిగొస్తుంది.

బెంగళూరు టోర్నమెంట్ విషయం చివరికి ఉంచాను, కొంచెం జాగ్రత్తగా చూడాల్సింది అది. తిరుపతి సముద్ర మట్టానికి 150 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో ఉంది, బెంగళూరు 900 మీటర్లు దాటుతుంది. అక్కడ గాలి పలచన, బంతిని ఆపే గాలి తక్కువ, ఇక్కడ బేస్‌లైన్ మీద పడే దెబ్బ అక్కడ బయట పడుతుంది. ఇక్కడి పిల్లలు అక్కడ మొదటి సెట్‌లో ఏమైందో తెలియక బెదిరిపోయేది ఇందుకే. పాపకు రెండో రాకెట్ ఉంటే దానికి అదే సింథటిక్ గట్ 52కు వేయించి తీసుకెళ్లండి. ఒకటే ఉంటే ప్రయాణానికి వారం ముందు 51కు వేయించండి. గట్స్ కుదురుకోవడానికి ఆ వారం కావాలి. వీలైతే మ్యాచ్‌కు ముందురోజే చేరుకుని, అదే కోర్టులో గానీ దగ్గర్లో ఇంకో కోర్టులో గానీ అరగంట కొట్టించండి. రెండు రాకెట్లుంటే ఏది బాగుందో పాపనే చెప్పమనండి, మీరు చెప్పొద్దు. పాప ఒకటి ఎంచుకున్నాక రెండోదాని మీద గుర్తుగా రంగు గ్రిప్ చుట్టేయండి, మ్యాచ్ కంగారులో తప్పు రాకెట్ తీయకుండా.